మోదుగుపూల జంపఖానా

ఆతిఫ్‌కు ఎరుపూ, ఆకుపచ్చా ఒకటే. రెండూ ఎండిన మట్టిలా కనిపిస్తాయి.

ఈ సంగతి రైల్వే ఉద్యోగం కంటి పరీక్షలో బయటపడింది. ఇంట్లో మాత్రం రాతపరీక్ష పోయిందని చెప్పాడు. రంగులద్దేవాళ్ళ ఇంట్లో పుట్టి, రంగులు తెలియవని ఏ ముఖంతో చెప్తాడు?

తల్లికి తండ్రైన హైదర్‌ను వాడు నానా అంటాడు, అమ్మమ్మను నానీ అనేవాడు. నలభై ఏళ్ళ కింద హైదర్ మరిపెడ దగ్గరి పల్లె వదిలి, భార్య షహజాదీతో, ఒక మగ్గంతో వరంగల్ వచ్చాడు. ఆమె నూలును రంగులో ముంచి చేతికందించేది, ఆయన నేసేవాడు. ఆయన జంపఖానాల మీది మోదుగుపువ్వును జనం ఎక్కడున్నా గుర్తుపట్టేవాళ్ళు.

షహజాదీ పోయి ఎనిమిది నెలలైంది. ఆనాటి నుంచి హైదర్ మగ్గం ముట్టలేదు. దుఃఖం అనుకున్నారు అందరూ.

ఇంటి ఓనరు నెలాఖరుకల్లా మగ్గం తీసేయమన్నాడు. మిగిలిన ఆశ ఒక్కటే. పల్లెలు వదిలొచ్చిన ముస్లిం నేత కుటుంబాలకు ఖిలా వరంగల్‌లో షెడ్డు ఇస్తామని ఒక సంస్థ ముందుకొచ్చింది. చెట్ల రంగులతో, తాత నమూనాను మనవడు నేసి చూపించాలి. అదీ షరతు.

మడికొండలో సెక్యూరిటీ ఉద్యోగం మాన్పించి మరీ హైదర్ మనవణ్ణి పిలిపించాడు. నేత వాడికి చిన్నప్పుడే చేతికొచ్చింది, నూలు మాత్రం నానీయే ఏరి అందించేది.

ముందుగా మరిపెడ బస్సెక్కించి, తమ పాత ఊరి మోదుగుచెట్ల కిందికి తీసుకుపోయాడు. ఆకులు రాలిపోయి, కొమ్మల నిండా పూలు.

"చెట్టు అంటుకున్నట్టే ఉంటదని మీ నానీ అంటుండె. మంచిగ చూడు బేటా. ఎట్లున్నదో చెప్పు."

"ఎర్రగున్నది నానా," అన్నాడు ఆతిఫ్. మోదుగుపువ్వు ఎరుపని చిన్నపిల్లలకూ తెలుసు.

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

షహజాదీ చివరిసారి ముంచి ఆరేసిన నూలే ఇంట్లో మిగిలింది. మంజిష్ఠ వేళ్ళ ఎరుపు, దానిమ్మ తొక్కలకు నీలిమందు కలిపిన ఆకుపచ్చ, అంతా ఒకే గంపలో కలిసిపోయి ఉంది. అది పాడైతే మళ్ళీ ముంచేవాళ్ళు లేరు.

"ఏది తియ్యాలె నానా?"

"పువ్వుకు ఎర్రది, ఆకుకు ఆకుపచ్చది. నువ్వే చూసి తియ్యి. నన్ను అడగొద్దు."

ఆతిఫ్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. ఒక నూలుండ తీసి నానా ముఖంలోకి చూశాడు. తప్పైతే ఆయనే ఆపుతాడు కదా.

హైదర్ పక్కనే కూర్చుని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. "మంచిగ వస్తాంది," అన్నాడు.

ఆ మాటతో ఆతిఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. పన్నెండు రోజులు అట్లాగే గడిచాయి. దిష్టి తగులుతుందని హైదర్ తలుపు మూసి, ఇరుగుపొరుగును కూడా లోపలికి రానివ్వలేదు. ఉండ తీసిన ప్రతిసారీ ఆతిఫ్ నానా వైపు చూసేవాడు. ప్రతిసారీ అదే జవాబు. కళ్ళకివ్వని చూపును అల్లా తన వేళ్ళకిచ్చాడేమోనని కూడా అనుకున్నాడు పిచ్చివాడు.

గడువు రోజు సంస్థ నుంచి సంధ్యారాణి మేడమ్ వచ్చింది. జంపఖానా గచ్చు మీద పరిచారు. ఆమె ఒక్కో పువ్వునూ వంగి చూసింది.

"ఇదేంది హైదర్ గారూ? పూలు సగం ఆకుపచ్చగున్నయి. ఆకులేమో ఎర్రగున్నయి. ఒక్క పువ్వులనే రెండు రంగులు."

హైదర్ కూర్చుని పువ్వును అరచేత్తో తడిమాడు.

"ఇయ్యాలనే లిస్టు పంపాలె. మీ పని మనవనికి రాలేదని రాయక తప్పది. ఏమనుకోకుండ్రి."

ఆమె వెళ్ళిపోయింది. ఆతిఫ్ నానా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఇక దాచి లాభం లేదు.

"నాకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీర్గనే కనబడ్తయి నానా. చిన్నప్పటిసంది అంతే. చెప్తే నీ పానం పోతదని చెప్పలే. కానీ నువ్వు పక్కనే కూసోని మంచిగ వస్తాందంటివి గదా. ఎందుకు ఆపలే?"

హైదర్ మనవడి తలను దగ్గరికి తీసుకున్నాడు.

"నాకు గూడ గంతే బేటా, మీ నానీ పోయినంక రంగు చెప్పెటోళ్ళు లేకనే నిన్ను పిలిపించిన."