మధ్యాన్నం కాగిన నీళ్లు

ఆశ వాకిట్లో చెప్పులు విడుస్తుంటే మిద్దె మీద నీళ్లు కాచే హీట్ పంపు గుయ్యిమంటోంది.

"అత్తా, ఈ వేళకు దాన్నెందుకు వేసినారు? మధ్యాన్నం ఎండ కరెంటుతో కాగిన నీళ్లు ట్యాంకులో రాత్రిదాకా వేడిగానే ఉంటాయని చెప్పినాను గదా!"

"వాటిలో గుడ్డలు నానేసినాలే," అంది అత్త రాజలక్ష్మి. "మధ్యాన్నం కాగినవి పాచి నీళ్లు. ఒంటికి ఎట్లా పోసుకుంటావు?"

ఆశకు కోప్పడే ఓపిక కూడా లేదు. ఆమెది కరెంటు కంట్రోల్ రూములో ఉద్యోగం. పొద్దు వాలగానే సోలార్ కరెంటు పడిపోతుంది, ఊరి వాడకం ఎగబాకుతుంది. సాయంత్రమంతా తెర మీద ఆ వాడకం గీతనే చూస్తూ, పెద్ద మిషన్లు కాసేపు ఆపండని ఫోన్లలో బతిమాలి గొంతు బొంగురుపోయింది.

"ఇప్పుడు వేయొద్దని ఊరందరికీ చెప్పేది నేను. మన ఇంట్లోనే వేస్తే ఎట్లా అత్తా?"

"ఊరి సంగతి నాకేం తెలుసు? ఈ మార్గళి నెల చలిలో నువ్వు ఒళ్లు హూనమై వస్తావు. వచ్చేసరికి అప్పుడే కాగిన నీళ్లుండాలని వేసినా."

స్విచ్చి దాకా వెళ్లిన ఆశ చెయ్యి ఆడనే ఆగిపోయింది.

సాయంత్రమంతా దిగమని తను బతిమాలిన ఆ గీతలో, తన స్నానానికి పెట్టిన నీళ్లు కూడా ఉన్నాయి.