ఫర్జానాకు దొరికిన మొద్దు రోబో

పాఠాలు చెప్పే రోబోల కాలం పోయి, పిల్లలే పాఠం చెప్పాల్సిన మొద్దు రోబోలు వచ్చాయి. రోబోకు లెక్క వస్తేనే పిల్ల పాసు. నంద్యాల బడిలో ఏడో తరగతి ఫర్జానాకు మహా మొద్దు దొరికింది.

“ఎక్స్‌కు ఐదు కలిపితే పన్నెండు. ఎక్స్ ఎంత?”

“పదిహేడక్కా!”

“ఐదు అవతలికి పోతే గుర్తు మారాల, దున్నపోతా!”

“ఎందుకు మారాలక్కా?”

ఆ సూత్రం ఫర్జానా కూడా బట్టీ పట్టిందే. చాలాసేపు జుట్టు పీక్కుని, “తక్కెడ అనుకో. ఈపక్క ఐదు తీస్తే ఆపక్కా ఐదు తీయాల, లేకుంటే ఒరిగిపోతాది,” అంది. చెప్పాక తనకే అర్థమై నవ్వొచ్చింది.

“అయితే ఏడు!” అని రోబో గంతేసింది. “అక్కా, అసలు ఎక్స్‌ని ఎందుకు కనుక్కోవాల?”

“అది టీచర్ని అడుగు.”

రోబో అటు తిరిగేసరికి, గంట కొట్టకముందే నాగవేణి టీచరు గడప దాటేసింది.