ఆకుపచ్చ చుక్క

బీరువాలో ఫోన్ టింగుమంది.

బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

అది భర్త ఫోన్. ఆయన పోయి నెల దాటింది. ఛార్జింగ్ మాత్రం ఆమె అయిపోనివ్వడం లేదు. 

తెర మీద ఒక్క ముక్క ఉంది.

"ముసలి ఏనుగు ఎత్తు వేశారు. ఇప్పుడు మీ వంతు."

చదరంగం యాప్. లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి, పనికీ పనికీ మధ్య మెట్ల మీద కూలబడి అందులో ఆడేవాడు. అవతల ఎవరో ముఖం చూడని పెద్దాయన. ఆయన పెట్టుకున్న పేరు ముసలి ఏనుగు. ఈయన పెట్టుకున్నది కుంటి గుర్రం. ఈయన ఆస్పత్రిలో చేరిన దగ్గర్నుంచి ఆట సగంలో ఆగిపోయి ఉంది.

ఆమెకు ఆట రాదు. వదిలేస్తే అదీ పోతుందని భయం వేసింది. ఏదో ఒక బంటును ముందుకు జరిపింది.

అప్పుడు చూసింది. భర్త పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. మనిషి ఉన్నాడని గుర్తు.



అందరికీ పోయిన మనిషి అక్కడ ఇంకా ఉన్నాడు. ఆ పెద్దాయన లెక్కలో ఆయన పోలేదు.

ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పేషెంట్లు లేని మధ్యాహ్నాలు కూర్చుని, వీడియోలు చూసి ఎత్తులు నేర్చుకుంది.

ముసలి ఏనుగు ఊరికే ఆడే రకం కాదు. దెప్పుతూ ఆడేవాడు.

"ఏం కుంటి గుర్రం, ఇవాళ దాణా దొరకలేదా?"

జవాబు కోసం పాత మాటలు వెనక్కి జరిపి చూసింది. అదే దెప్పు ఇంతకుముందు కూడా వేశాడు. దాని కింద భర్త జవాబు ఉంది.

"దొరికింది. ముందు నీ తొండం దాచుకో తాతా."

అదే మళ్లీ కొట్టి పంపింది. పంపగానే వెనకనుంచి భర్త నవ్వినట్టయి, తిరిగి చూసింది. ఖాళీ కుర్చీలు.

తర్వాత వచ్చినవీ పాత దెప్పులే. పెద్దాయనకు మతిమరుపు కాబోలు అనుకుంది. ఆమెకు అదే మేలైంది. దేనికైనా భర్త జవాబు సిద్ధంగా ఉండేది.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది.

"పాలు పొంగిపోతున్నాయి వదినా. ఫోన్ చూసి ఆ నవ్వులేంటి?"

"మీ అన్నయ్య ఆటే. మళ్లీ గెలిచాను."

ఆడపడుచు స్టవ్ కట్టేసి ఫోన్ అందుకుంది.

"ముసలి ఏనుగు మీదా? అన్నయ్య ఒక్కసారన్నా గెలిచిన పాపాన పోలేదు. ఓడినప్పుడల్లా నాకు ఫోన్ చేసి ఆయన్ని తిట్టేవాడు."

"నాకు అబ్బింది మరి."

"నీకా? పేకముక్కల్లో రాజుకీ జాకీకీ తేడా తెలియని దానివి."

ఆమె నవ్వింది. ఆడపడుచు నవ్వలేదు.

"ఆయనకు సంగతి తెలిసిపోయింది వదినా. కావాలనే ఓడిపోతున్నాడు. పోన్లే పాపం అని."

ఆ 'పాపం' ఆమెకు గుచ్చుకుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా ఆ మాటే అని వెళ్లారు. అది వినపడని చోటు ఆ ఫోన్ ఒక్కటే అనుకుంది. అక్కడా పాపమేనా? అంటే అక్కడా ఆయన పోయినట్టేనా?

మర్నాడు క్లినిక్‌లో మళ్లీ ఆట. అవతలి మంత్రి తిన్నగా వచ్చి ఆమె బంటు మూలగా కొట్టే గడిలో నిలబడ్డాడు, చంపుకో అన్నట్టు.

ఆమె ఈసారి భర్త మాటల కోసం వెతకలేదు.

"జాలిపడి ఓడిపోకండి. అవును, ఆయన పోయారు. నేను ఆయన భార్యని. అంతా తెలిసి కూడా ఇన్నాళ్లు వేళాకోళాలాడారు. మీది గుండెనా, బండరాయా?"

పంపింది.

అవతలి చుక్క ఆరిపోయింది.

ఆ రోజు మళ్లీ వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. కోపం దిగేకొద్దీ ఆమెను భయం పట్టుకుంది. భర్త పేరు పక్కన చుక్క వెలుగుతూనే ఉంది. దాన్ని నమ్మేవాళ్లే లేరిప్పుడు.

"తప్పయిపోయింది, ఆడండి" అని రాసింది. జవాబు లేదు.

కొన్నాళ్లకు, పేషెంటు ఒకాయన లోపలికి వెళ్లీ వెళ్లగానే ఆ ఫోన్ మోగింది. యాప్ లోంచే.

"హలో." ఆడగొంతు. చిన్న వయసు. "అంకుల్... నిజంగా లేరా అండీ?"

"లేరమ్మా. నువ్వు పెద్దాయన కూతురివా?"

"అవునండీ."

"నాన్నగారికి ఒకసారి ఫోనివ్వమ్మా. నోరు జారాను. క్షమించమని అడగాలి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడయింది.

"జాలిపడి ఓడిపోవడం కాదండీ అది."

"పోనీలే, ఏదైనా కానీ. నేనా మాట అనలేదనుకోమను. మళ్లీ ఆడమను. నన్ను గెలిపించక్కర్లేదు, చిత్తుగా ఓడించమను. అటునుంచి ఒక ఎత్తు వస్తే చాలు, మా ఆయన లేచి కూర్చున్నట్టే ఉంటుంది నాకు."

"ఇంక రాదండీ."

"అంత కోపమొచ్చిందా ఆయనకి?"

ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్న అంకుల్ కంటే ముందే పోయారండీ, నాన్న లేరని తెలియని మనిషి ఈ లోకంలో అంకుల్ ఒక్కరే మిగిలారని, గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియకుండా ఇన్నాళ్లూ ఆడింది నేనేనండీ."