బొమ్మ బాగా కనబడే రేడియో

సుమంగళ భర్త చొక్కాకంటిన రక్తం ఉతుకుతోంది. సబ్బు పెట్టి రుద్దినకొద్దీ మరక పలచబడుతోంది గాని పోవడం లేదు. అది భర్త రక్తం కాదు. విలాస్‌ది.

విలాస్ బిలోలిలో కంప్యూటర్ క్లాసులు చెబుతాడు. అతనూ, సుమంగళ కూతురు వర్షా రిజిస్టర్ పెళ్లికి దరఖాస్తు పెట్టుకున్నారు. సంగతి తెలిసిన రోజే సుమంగళ భర్త నందకిషోర్ అతన్ని బస్టాండు వెనక పట్టుకుని ఇనుప రాడ్డుతో కాలు విరగ్గొట్టాడు. ఇంటికొచ్చి కూతుర్ని జుట్టు పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చాడు. గోదావరి అవతల తమ చెరుకు తోటలో, ఎరువు బస్తాలు పెట్టే గదిలో పడేసి తాళం వేశాడు.

గది కిటికీకి చెక్కలు కొట్టింది కొడుకు నిలేశ్. తండ్రి మేకులు అందిస్తుంటే ఒక్కొక్కటే కొట్టాడు.

"వర్ష రాఖీ కట్టిన చెయ్యే గదరా అది," అంది సుమంగళ చొక్కా పిండుతూ. "గా చేత్తోనే ఎట్ల కొట్టినవురా?"

నిలేశ్ తలెత్తలేదు. ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏకాదశికి నిజామాబాదోళ్లు అస్తున్నరు. తాళి కట్టిచ్చి పంపుత," లోపల్నుంచి అరిచాడు నందకిషోర్. "అప్పటిదాంక అది ఆ గడప దాటిందనుకో, నరికి గోదావరిల కలుపుత."

అన్నంత పనీ చేసే మనిషని సుమంగళకు తెలుసు.

మోంఢా బజారులో పప్పుల దుకాణం వదిలి అతను తోటలో కూర్చోలేడు. కావలి భీమయ్యను నమ్మలేడు. వాడు తాగుతాడు. అందుకని గదిలో ఒక కెమెరా, గుమ్మం ముందు ఒకటి పెట్టించాడు. కాని అక్కడ ఫోన్ సిగ్నలే అందదు. బొమ్మ నాందేడ్ ఇంటికి రావాలంటే, డాబా మీద ఒక రేడియో, తోటలో ఎత్తు స్తంభం మీద ఒక రేడియో ఎదురెదురుగా నిలబెట్టాలి. మధ్యలో అడ్డు లేకపోతే ఇంటర్నెట్ గాలిలోనే నది దాటి వస్తుంది.

"నువ్వు పోయి తే," అన్నాడు కొడుకుతో. "ఇంజినీరింగు సదివిన అంటవు గద. ఒక్క పనికన్న పనికిరా."

సాయంత్రానికి నిలేశ్ తినే పళ్లెమంత రేడియోలు రెండు తెచ్చాడు.

"గింత చిన్నగున్నయేందిరా? మన పక్క దుకాణం లింగమూర్తి గోడౌన్ మీదిది పిండి కలిపే పరాతంత ఉంటది."

"అది పాత రకం, బాపు. దాంట్ల బొమ్మ ఆగి ఆగి అస్తది. దీంట్ల ఈగ వాలినా కనబడ్తది."

కనబడింది. మే నెల ఎండలో, టీవీ తెర మీద బొమ్మ అద్దంలో చూసినట్టే ఉంది. వర్ష పెదవి మీది చీలిక కూడా తెలుస్తోంది. నందకిషోర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. చాలా రోజుల తర్వాత కొడుకు భుజం తట్టాడు.

అప్పట్నుంచి నిలేశ్ రోజూ డాబా ఎక్కేవాడు. రేడియో పక్కన నిలబడి గోదావరి వైపు చాలాసేపు చూసి దిగేవాడు. పోలీసు కన్నా ఎక్కువైండు వీడు అనుకునేది సుమంగళ.

ఒక మధ్యాహ్నం వర్ష కిటికీ చెక్క ఊడబీకబోయింది. నందకిషోర్ దుకాణంలో కూర్చుని ఫోన్‌లో చూశాడు. కాసేపట్లో తోటలో ఉన్నాడు. పార కర్రతో కొట్టాడు. కింద పడితే కాలితో తన్నాడు. ఇంట్లో టీవీ ముందు నిలబడి సుమంగళ ప్రతి దెబ్బా చూసింది. చప్పుడు వినబడలేదు. బొమ్మ మాత్రం ఎక్కడా చెదరలేదు.

ఆ పూట కొడుక్కి అన్నం వడ్డిస్తూ అంది. "మంచి రేడియోనే తెచ్చినవు బిడ్డా. నా పిల్ల నెత్తురు రంగు గూడ తెలుస్తున్నది."

నిలేశ్ కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలి లేచాడు.

ఏకాదశి రేపనగా, పొద్దు వాలకముందే ఆకాశం నల్లబడింది. గోదావరి మీంచి మొదటి వాన వచ్చింది. చినుకు లావెక్కేసరికి టీవీలో వర్ష ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. తర్వాత తెర మీద ఏమీ లేదు.

నందకిషోర్ వైర్లు గుంజి చూశాడు. రేడియోలు అమ్మిన దుకాణం వాడికి ఫోన్ చేశాడు.

"ఆ రకం జోరు వానల నడవదు సేఠ్‌జీ," అన్నాడు వాడు. "పెద్దది తీసుకుంటే కొంచెం మెల్లగైనా నడుస్తుండె."

నందకిషోర్ బెల్టు తీశాడు.

"బొమ్మ సక్కదనం చూసి కొన్నవారా గాడిదా! వానొస్తె ఎట్లని అడగాల్నని తెల్వదా?"

"తెల్వలే బాపు."

బెల్టు బిళ్ల నిలేశ్ నోటి మీద తగిలింది. మళ్లీ వీపు మీద. మళ్లీ మెడ మీద. సుమంగళ అడ్డం పోలేదు. ఆ మేకులకు ఈ దెబ్బలు చాలవనిపించింది ఆమెకు.

నందకిషోర్ ఆయాసంతో ఆగాడు. నిజామాబాద్ వాళ్లు రైలు దిగే వేళైంది. ఎదురుపోకపోతే మర్యాద పోతుంది. తను తోటకు పోలేడు. మొలతాడుకున్న తాళంచెవి తెంపి కొడుకు మీదికి విసిరాడు.

"నువ్వే పో. భీమయ్య తాగి పన్నడో ఏమో. తలుపు తీసి అది లోపలున్నదో లేదో కండ్లార చూడు. తెల్లారేదాంక ఆడనే కావలుండు."

రేడియోల దుకాణంలో రెండు రకాలూ ముందు పెట్టించుకుని, వానకు ఆగిపోయేది ఏదో అడిగి మరీ ఏరి తెచ్చిన నిలేశ్, నోటి రక్తం మోచేత్తో తుడుచుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, ఇంట్లోంచి వెళ్లిపోయాడు.