ఆగిపోయే చోటు

"మా నాన్నగారు భానుమూర్తి గారండీ. కాలేజీలో హెచ్‌వోడీ."

గౌతమ్ ఆ మాట అనగానే నరేష్‌కుమార్‌కు ఒళ్లు మండిపోయింది.

మూడేళ్లుగా పళ్లు నూరుతూ తలుచుకుంటున్న పేరది. వైవాలో "గిట్ల" అన్నందుకు అందరి ముందూ నవ్వి, "ఈ భాషకి కోడింగ్ కూడానా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ప్రాజెక్టు కొనుక్కొచ్చావు కదూ?" అంటూ ఫెయిల్ చేసిన మహానుభావుడు. డిగ్రీ చేతికి రాలేదు. పోచంపల్లిలో మగ్గం నేసే తండ్రికి ముఖం చూపించలేక, నరేష్ చివరికి నిజంగానే దిల్‌సుఖ్‌నగర్‌లో, విద్యార్థులకు ప్రాజెక్టులు అమ్మే ఈ సెంటర్లో పనికి కుదిరాడు.

ఇప్పుడు ఆయన కొడుకే కాళ్లబేరానికి వచ్చాడు.

"మధ్యాహ్నమే వైవా అండీ. బయటి ఎగ్జామినర్లొస్తున్నారు, నాన్నగారూ ఉంటారు. ఆయనిచ్చిన ఈ ప్రోగ్రామేమో నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది."

పెద్ద సర్వర్ ఏదీ లేకుండా వంద కంప్యూటర్లు తమలో తామే ఫైళ్లు పంచుకోవడాన్ని తెర మీద చూపించే ప్రోగ్రాం అది.

"సగం దాటినంక ఆగుతది, గంతేనా?"

"మీకెలా తెలుసండీ?"

"గిసొంటివన్ని గాడనే ఆగుతయి."

పాత సంగతంతా తెలిసిన సెంటరు యజమాని బాపిరాజు నరేష్‌ను పక్కకు లాగాడు. "ఏవయ్యా, నీ పగలన్నీ ఆ పిల్లాడి మీద తీర్చుకోకు. సెంటరు పరువు పోద్ది."

నరేష్ వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తీర్చుకోవాల్సిందే. ఇవాళ వదిలితే మళ్లీ దొరకడు.

ప్రోగ్రాంలో రెండు కంప్యూటర్లు చెరో ఫైలుకు తాళం వేసుకుని, నువ్వు ముందు వదులంటే నువ్వు ముందు వదులని మొండికేసి కూర్చుంటున్నాయి. తాళాలు ఏ వరసలో వేయాలో అన్నిటికీ ఒకే నియమం పెడితే చాలు. నరేష్ వెతుక్కోకుండా నేరుగా ఆ చోటికే వెళ్లాడు. నియమం పెట్టాడు. మళ్లీ మళ్లీ సరిచూశాడు. ఎక్కడా మోసం చేయలేదు.

ప్రోగ్రాం సగం దాటింది. ఆగలేదు. గౌతమ్ ముఖం వెలిగిపోయింది.

"ఆఖరుదాంక జూస్కోని పో తమ్మీ. అరగంటల అయిపోతది."

"అమ్మో, ఎల్‌బీ నగర్‌లో రాస్తారోకో అంటండీ! దారి మూసేస్తే కాలేజీకి చేరలేను." సీడీ అందుకుని పరుగెత్తాడు.

బాపిరాజు అనుమానంగా చూశాడు. "నిజంగానే బాగు చేశావా?"

"ఒట్టు సార్. ఇగ ఎన్నడు ఆగది." నరేష్ నవ్వాడు. ఆ నవ్వు బాపిరాజుకు నచ్చలేదు.

ఆ మధ్యాహ్నం ఎగ్జామినర్ల ముందు, భానుమూర్తి మురిసిపోతూ చూస్తుండగా, ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచి, అంతవరకూ తండ్రీకొడుకులిద్దరూ ఎన్నడూ చూడని ఆఖరి తెరకు చేరి, తనను రాసిన విద్యార్థి పేరును పెద్ద అక్షరాల్లో చూపించింది: నరేష్‌కుమార్, ఫైనలియర్, 2008.