ఒక్క తల కావాలి

సాయంత్రం ఐదింటిలోపు ఎవరిదో ఒకరి తల పగలాలి. లేకపోతే బాలనర్సింహ బతుకు పగులుతుంది.

పురానాపూల్ దగ్గరి ఆ సర్కారు దవాఖానలో, దెబ్బలు తగిలినవాళ్లను తెచ్చే గదిలో, అతను ఏడాదిగా కట్లూ కుట్లూ నేర్చుకుంటున్నాడు. చేతులు కుట్టాడు. కాళ్లు కుట్టాడు. ఒక పహిల్వాన్ చెవి సగం ఊడి వేలాడుతుంటే దాన్నీ కుట్టాడు. ఇక మిగిలింది తల. పెద్ద డాక్టరు విఠల్‌రావు కళ్లముందు ఒక తల కుడితే పుస్తకంలో సంతకం పడుతుంది, డ్రెస్సర్ నౌకరీ వస్తుంది. ఆ విఠల్‌రావుకు బదిలీ అయింది. ఇవాళ ఐదింటికి వెళ్లిపోతాడు. వచ్చే డాక్టరు అందరి చేతా మళ్లీ దూది చుట్టడం నుంచి మొదలుపెట్టిస్తాడని పేరు.

మామూలు రోజుల్లో ఆ గదిలో తలలకు కరువు లేదు. సినిమా టికెట్ల లైన్లో కొట్టుకున్నవాళ్లు, పతంగుల దగ్గర పొడుచుకున్నవాళ్లు వరసలో నిలబడేవాళ్లు. ఒకసారి పెళ్లి విందులో మటన్ నల్లిబొక్క కోసం రెండు వైపులవాళ్లూ కొట్టుకుంటే, పెళ్లంతా ఇక్కడికే వచ్చింది. మిగతా బంతులు వరండాలోనే వడ్డించారు. ఈ గది కడిగిన నీళ్లకు మూసీ రెండుసార్లు రంగు మారిందని హెడ్ డ్రెస్సర్ ప్రకాశం ఒట్టేసి చెబుతాడు.

ఇవాళ మాత్రం పాతబస్తీ వాళ్లంతా బుద్ధిమంతులైపోయారు. పొద్దుటి నుంచి వచ్చింది ఒకే ఒక్క గొంతునొప్పి.

"ఏం జెయ్యాలె ప్రకాశమన్నా?"

"పత్తర్‌గట్టికి పొయ్యి ఎవన్నన్న తిట్టు. తల పగుల్తది."

"పగిలేది నాది గదనే."

"గది గూడ తలనే గదరా."

నాలుగున్నరకు దొరికింది.

నడివయసు మనిషి ఒకడు నెత్తిన తువ్వాలు అదిమి పట్టుకుని తనంతట తానే నడిచి వచ్చాడు. ఆ తువ్వాలు కొన్నప్పుడు ఏ రంగుదో ఇక ఎవరూ చెప్పలేరు. అంగీ బొడ్డు దాకా ఎరుపు. తువ్వాలు తీస్తే నడినెత్తిన వేలెడు చీలిక. అడుగున తెల్లగా ఎముక.

చూడగానే బాలనర్సింహ చేతిలోని ట్రే జారిపోయింది. కత్తెరలు గదంతా పరుగెత్తాయి.

"గీ దున్నపోతు చేతిల నన్ను పెట్టకుండ్రి," అన్నాడు ఆ మనిషి డాక్టరుతో. "పెద్దోళ్లతోని కుట్టియ్యుండ్రి. లేకుంటే మస్తు లొల్లి జేస్త."

ఎవరు ఏది వద్దంటే అదే చెయ్యడం విఠల్‌రావుకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఇతనే కుడతాడు. ఏమయ్యా, ఈయన నీకు తెలిసినవాడు కాదు కదా?"

తెలిసినవాళ్లను కుట్టనివ్వరు, చెయ్యి వణుకుతుందని. బాలనర్సింహ నోరు తెరిచాడు. ఆ మనిషే ముందు అందుకున్నాడు.

"గీ మొఖం నాకెట్ల తెలుస్తది? తెలిసుంటే ఇంకో దవాఖానకు పోతుంటి."

దవాఖాన డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ సాయిలు కేసుల పుస్తకం తీశాడు. "ఎవలు కొట్టిండ్రు?"

"ఇద్దరు."

బల్ల ఎక్కేసరికి ఆ ఇద్దరూ నలుగురయ్యారు. తల కడిగేసరికి ఏడుగురయ్యారు. "ఒకడు గుర్రం మీదున్నడు," అన్నాడు. సాయిలు గుర్రం రంగు కూడా అడిగి రాసుకున్నాడు.

తిమ్మిరెక్కించే సూదిమందు అయిపోయి పది రోజులైంది. ఇద్దరు వార్డుబాయిలు చెరో కాలూ పట్టుకున్నారు. ప్రకాశం ఛాతీ మీద మోకాలు మోపాడు.

మొదటి కుట్టుకు ఒక వార్డుబాయి ఎగిరి అల్మారాలో పడ్డాడు. రెండో కుట్టుకు ప్రకాశం మణికట్టు మీద పై పళ్లూ కింది పళ్లూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా దిగాయి. మూడో కుట్టుకు వేసిన కేకకు బహదూర్‌పురా జూలో సింహాలు జవాబిచ్చాయి.

"నిన్ను కన్నోడెవడురా?" అని అరిచాడు ఆ మనిషి నాలుగో కుట్టుకు. "ముందుగాల వాన్ని పండవెట్టాలె గీ బల్ల మీద."

ఐదో కుట్టు దగ్గర బాలనర్సింహ చెయ్యి ఆగిపోయింది. నెత్తురు కణత మీదుగా ఆ మనిషి చెవిలోకి కారుతోంది. ఐదింటికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

"నాతోని కాదు సార్..."

ఆ మనిషి ఒక కన్ను తెరిచి పళ్లు కొరికాడు. "ఆపినవనుకో, లేచి తంత. కుట్టు."

కుట్టాడు. ఏడు కుట్లు.

విఠల్‌రావు వంగి, వేలితో తడిమి, కళ్లద్దాలు సవరించుకుని సంతకం చేశాడు. ఆ మనిషి కట్టు కట్టించుకుని, దండమైనా పెట్టకుండా, అందరినీ తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. సాయిలు గుర్రాన్ని వెతకడానికి బయల్దేరాడు.

ఆరింటికి బాలనర్సింహ తన ఇంటి తలుపు తోసేసరికి, తలకు కట్టుతో మంచం మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్న ఆ మనిషి, వంటింట్లో రోకలి కడుగుతున్న చప్పుడు వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ, "మెల్లగ కొట్టవే అని ఎంత చెప్పినా మీ అమ్మ ఇంటదా బిడ్డా," అన్నాడు.