పదో ప్రశ్న

“పేషెంట్లు కానోళ్లు గూడ అడగొచ్చన్నరు గద సారూ?” అంటూ లలితమ్మ లేచి నిలబడింది.

డాక్టర్ భరద్వాజ్ అయిష్టంగానే తలూపాడు. 2006లో ఒక ఆదివారం పొద్దున. మొఘల్‌పురా కమ్యూనిటీ హాల్లో ముప్పైమంది ఆడవాళ్లు, దాదాపు అందరూ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లే. ఈ జబ్బులో ముందు దేని మీద పరిశోధన చెయ్యాలో రోగులనీ జనాన్నీ అడిగి, పది ప్రశ్నలు తెమ్మని ఆస్పత్రివాళ్లు ఆయన్ని పంపారు. తొమ్మిది తేలాయి. పదోది కొత్త మందు గురించేనని ఆయన ఇంటిదగ్గరే ఖాయం చేసుకొచ్చాడు. అడగడం ఎందుకంటే, అడగమన్నారు గనక.

“లాడ్ బజార్ల నాది గాజుల దుకాణం. ఆపరేషన్ అయినోళ్లు మస్తుమంది వస్తరు. ఒక చేతికి రెండు నాలుగు సైజు, ఇంకో చేతికి రెండు ఎనిమిది. ఆపరేషన్ అయిన దిక్కు చెయ్యి వాస్తది సారూ. ఎందుకు వాస్తది, ఎట్ల తగ్గుతది, గది చూడుండ్రి.”

“మా ఫైళ్లలో అలాంటివి బాగా తక్కువమ్మా. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు. ఉంటే మాకు చెప్పరా?”

“పానం కాపాడిన మీకు చెయ్యి లావైందని ఏం మొఖం పెట్టుకొని చెప్తరు? నా ముందల చెయ్యి చాపక తప్పదు, అందుకే నాకు తెలుస్తది.”

భరద్వాజ్‌కు చిరాకేసింది. “బయటివాళ్ల ప్రశ్నను ఒక్క పేషెంటయినా నాదే అనాలి. అదీ రూలు. ఈ బాధ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు వరసలో ముగ్గురు కొంగు నిండుగా కప్పుకున్నారు. వెనకెవరో బురఖా సర్దుకున్నారు.

“పోనీ, ఒక్కరి పేరు చెప్పండి.”

“నన్ను పంపినామెకు పేరు చెప్పనని మాటిచ్చిన సారూ.”

“చూడమ్మా, మా అమ్మకు నాలుగేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. నా దగ్గరే ఉంటుంది. చెయ్యి నొప్పని ఒక్కరోజూ అనలేదు.”

“కొడుకులకు చెప్తరా సారూ గిసువంటివి?”

హాలంతా నవ్వింది. డాక్టరుగారికి ఒళ్లు మండింది. అప్పటిదాకా రాసుకున్న ఆమె ప్రశ్నను అడ్డంగా కొట్టేసి, కింద కొత్త మందు సంగతి రాసి, సంతకం గీకాడు. లలితమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరాయివాళ్ల చేతుల కోసం ఈవిడకింత బాధేమిటో ఆయనకు అర్థం కాలేదు.

కాగితం ఆస్పత్రిలో ఇచ్చేసి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తల్లి కోటేశ్వరమ్మ ఆయన కోసమే కనిపెట్టుకుని ఉంది. వంకాయకూర వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“మీటింగు బాగా జరిగిందా?”

“ఆ. పది ప్రశ్నలూ తేలాయి. ఇచ్చేసి వచ్చాను. ఇంక మార్చేది లేదు.”

ఆమె ముఖం విప్పారింది. నెయ్యి ఇంకో చెంచా ఎక్కువే వేసింది.

“గాజుల లలితమ్మ అడిగింది కూడా రాశావు కదా, నాన్నా?”